మూడున్నర అడుగుల మంచం

దూరాన ఉన్న నీకు,

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. ఆ చలిలో, ఆ హోరుగాలిలో నువ్వూ బాగానే ఉన్నావని, తోటివాళ్ళు ముగ్గురూ నిన్ను వేళకు తిననిస్తున్నారని అనుకుంటూ ఇది మొదలుపెడుతున్నాను.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం మూడు దాటింది. అత్తయ్య ఉడతను వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్ళారు. ఉడతంటే ఎవరని అడుగుతావేమో, మన పాపే. నిచ్చెన మీద అటక ఎక్కడం, దిగడం చూసి తాపీ మేస్త్రి పెట్టిన పేరది. ఇప్పుడు బళ్ళో కూడా అదే స్థిరపడింది. మీ దీవికి సరుకులు తెచ్చే ఓడ బుధవారం బయలుదేరుతుందట. మంగళవారంలోగా టపా అందితేనే ఎక్కిస్తారు. తప్పితే మళ్ళీ రెండు నెలలు. అందుకని ఇంట్లో ఎవరూ లేని ఈ రెండు గంటల్లో రాసేద్దామని కూర్చున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మీ అమ్మ మోకాలు ఫరవాలేదు. మెట్లెక్కే పని తప్పింది కాబట్టి నొప్పి సగం తగ్గిందంటున్నారు. మిగతా సగం నా వల్లనట. ఉడతకు పైవరసలో ముందు పన్ను ఊడింది, రెండోది ఊగుతోంది. 'స' అనమంటే ఈల వేస్తోంది. ఎక్కాలు పద్నాలుగు దాకా వచ్చాయి. నీ ఉత్తరంలో గాలివేగం అంకెలు చూసి, మన వీధిలో గాలి కూడా కొలిచి పంపుతానని కిటికీకి ఒక రిబ్బను కట్టింది. ఆ పట్టిక ఈ కవర్లోనే పెట్టాను. 'గాలి బాగా ఉంది', 'గాలి కొంచెం ఉంది', 'గాలి ఇంటికెళ్ళిపోయింది' అని మూడు రకాలే ఉంటాయి. నవ్వకు. ఆరువారాలు ఒక్కరోజు మానకుండా రాసింది. మీ వాతావరణ కేంద్రంలో ఎవరికైనా చూపించి, పెద్దవాళ్ళకు రాసినట్టు దానికొక జవాబు రాయించు.

ఇక, 'ఇరుకుగా లేదా' అని అడిగావు. దీనికి ఒక్క మాటలో జవాబు రాదు.

పోయిన ఉత్తరంలో 'పని జరిగే చోటికి కొన్నాళ్ళు మారుతున్నాం' అని ఒక్క వాక్యం రాసి దాటేశాను. అసలు కథ ఇది. ప్రెస్సుకూ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న స్థలం గురించి నీకు తెలుసు కదా. అక్కడున్న పాత వరస ఇళ్ళ స్లాబు పెచ్చులూడిపోయి, ఇక అందులో ఉండకూడదని తేలాక, నలభై ఎనిమిది కుటుంబాలు ఊరంతా చెల్లాచెదురై అద్దెగదుల్లో తల దాచుకున్నాయి. ఊరి బయట విశాలంగా కట్టిస్తామంటే వాళ్ళు వద్దన్నారు. పనులన్నీ ఇక్కడే, పిల్లల బడి ఇక్కడే, ఉన్నచోటే మళ్ళీ కట్టుకుంటాం అని సంఘంగా ఏర్పడి మా ఆఫీసుకు వచ్చారు. ఇంటికి మూడువందల చదరపు అడుగులు. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అయిదు అడుగుల పొడవు. ఇంటికి ఒక్క అడుగు పెరిగినా స్థలంలో నలభై ఎనిమిది పట్టవు. నాలుగు కుటుంబాలు బయటే మిగిలిపోతాయి. ఈ పని నా నెత్తిన పడింది. అడిగి మరీ తీసుకున్నాను, నీకు చెప్పలేదు కానీ.

ఆ సంఘానికి పెద్ద ఒకావిడ. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైంది. అందరికీ డ్రైవరమ్మ. నన్ను 'గీతలబ్బాయ్' అంటుంది. మొదటి సమావేశంలో నేను ప్లాన్లు గోడకంటించి, గాలి ఎటునుంచి వస్తుందో, వెలుతురు ఎలా దిగుతుందో గంటసేపు చెప్పాను. అంతా ఓపిగ్గా విని ఆవిడ ఒకే ఒక్కటి అడిగింది.

"నువ్వుంటావా ఇందులో?"

"నేనా? ఇది మీ ఇల్లు కదమ్మా."

"అదే నేనూ అడుగుతున్నా. కొత్త బస్సొస్తే ముందు ఖాళీగా తిప్పమనేవాళ్ళు మమ్మల్ని. బ్రేకు పడుతోందని తేలాకే జనాన్ని ఎక్కించుకునేది. ఒక్క ఇల్లు కట్టు. మీవాళ్ళతో మూడు నెలలుండు. అప్పుడు మేం చేతులెత్తుతాం."

మా ఇంజినీరు బల్ల కింద నా కాలు తొక్కాడు. నేనప్పటికే సరేననేశాను. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య గరిటె పక్కన పెట్టి, "ఏమండీ అల్లుడుగారూ, మమ్మల్ని బ్రేకులుగా వాడతారన్నమాట," అన్నారు. కోపమొస్తేనే నేను ఆవిడకు 'అల్లుడుగారు' అవుతానని నీకు తెలుసు. మామూలు రోజుల్లో 'బాబూ'నే.

అలా వచ్చాం ఈ నమూనా ఇంటికి. స్థలంలో వీధివైపు మూల మీద నేలమట్టాన ఒంటరిగా నిలబడి ఉంటుంది. రా, చూపిస్తాను.

తలుపు తీస్తే వంటగట్టు. కుడిచేతివైపు కిటికీ. నూనె కాగిన ఘాటు లోపలికి పోకుండా నెత్తిమీద నుంచే బయటికి పోయేలా పైన జాలీ గోడ. దాని తర్వాత అత్తయ్య మంచం, పగలు కూర్చునే బల్ల అవుతుంది. గోడకు మడతబల్ల, దాని మీదే ఇప్పుడు రాస్తున్నాను. మధ్యలో స్నానాల గది. ఆ పైన అటక, ఉడత రాజ్యం. వెనకవైపు నా మంచం, ఆపైన లోపలి వాకిట్లోకి తెరుచుకునే పెద్ద కిటికీ. ముందు కిటికీ, వెనక కిటికీ ఎదురెదురుగా పెట్టడంతో గాలి ఒకవైపు వచ్చి రెండోవైపు పోతుంది. పడమటి గోడ జంటగోడ, మధ్యన నాలుగంగుళాల ఖాళీ. మండుటెండలో కూడా చెయ్యి పెడితే కుండలా చల్లగా తగులుతుంది. గుమ్మాలు, తలుపులు, దూలాలు పాత ఇళ్ళలోవే. వడ్రంగి వాటిని మేకు మేకూ పీకి, చిత్రిక పట్టి మళ్ళీ నిలబెట్టాడు. ఒక గుమ్మం మీద ఎవరో పిల్లవాడి ఎత్తు ఏటేటా గీసిన గీతలున్నాయి. వాటిని చిత్రిక పట్టొద్దన్నాను. స్నానం చేసిన నీళ్ళు ఇసుక తొట్టెలోంచి వడకట్టుకుని మొక్కల్లోకి పోతాయి. ఈ ఎండాకాలం మూడు నెలల్లో ఫ్యాను వేసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంత గొప్పగా ఎందుకు చెబుతున్నానంటే, నాకు బాగా వచ్చింది అంతవరకే.

ఉండటం మొదలుపెట్టాక నా తెలివి ఒక్కొక్కటే బయటపడింది. చెంచా జారితే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. మడతబల్ల దించేటప్పుడు ఒక్క క్షణం ఏమరినా తుపాకి పేలినట్టు మోత. తడిబట్ట ఆరేసే చోటు నేను గీసింది సరిగ్గా మొహానికి తగిలే ఎత్తులో ఉంది. ఉడత బడికి పోతూ రోజూ నా తడి తువ్వాలుకు దండం పెట్టి వెళుతోందని అత్తయ్య అనేవారు. ఇవన్నీ సర్దుకునేవే. కొక్కెం మార్చాం, బల్ల కింద రబ్బరు అతికించాం. సర్దుకోనిది ఒకటి వచ్చింది. అది నీకు రాయొద్దని అత్తయ్య నాచేత ఒట్టేయించుకోబోయారు. నేను వెయ్యలేదు. అందుకే రాస్తున్నాను.

రెండో నెలలో అత్తయ్య స్నానాల గదిలోకి వెళితే అరగంటకు గాని వచ్చేవారు కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పెద్దవయసు, నీళ్ళు పడలేదేమో అనుకున్నాను. ఒకరోజు ఉడత నా దగ్గరికొచ్చి గుసగుసగా, "అమ్మమ్మ లోపల స్నానం చెయ్యట్లేదు నాన్నా. చెంబు చప్పుడు లేదు," అంది. వీధి చివర మందులషాపతనికి చెప్పి కడుపునొప్పికి ఒక సీసా తెచ్చాను. సాయంత్రం టీ తాగుతుండగా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ సీసా మీద చీటీ చదివారు. "ఎవరికిది?"

"మీకే అత్తయ్యా. రోజూ అంతసేపు లోపలుంటున్నారు కదా. మొహమాటపడకండి, కడుపులో ఏమైనా..."

"నా కడుపుకేం రోగం లేదు బాబూ. కడుపున పుట్టింది కళ్ళెదుట లేదు, అంతే." ఆ మాట అనేసి, అనకుండా ఉండాల్సిందన్నట్టు గ్లాసు కింద పెట్టేశారు. "నువ్వు కిటికీలు బాగానే పెట్టావు. ఎటు తిరిగినా వెలుతురే. ఎటు తిరిగినా నువ్వో పాపో కనిపిస్తారు. ముక్కు చీదుకుందామన్నా, ఏమైంది అమ్మమ్మా అని అటకమీంచి తొంగిచూస్తుంది. గడియ పెట్టుకునే తలుపు ఈ ఇంట్లో అదొక్కటే. అందుకని అక్కడ కూర్చుని దాని ఉత్తరాలు చదువుకుంటున్నా," అన్నారు.

నీ ఉత్తరాలు తడి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చీర కుచ్చిళ్ళలో దోపుకుని తీసుకెళుతున్నారట. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంటున్నారట. నేను రెండేళ్ళు ఆలోచించి గీసిన ఇంట్లో ఆవిడకు దొరికిన కుర్చీ అది.

ఆ మందుసీసా ఏం చెయ్యమంటారని అడిగాను. "నువ్వు తాగు," అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు, నా ఎదుటే. అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

మూడో నెల చివర్లో సంఘంవాళ్ళు ఇల్లు చూడటానికి వచ్చారు. ఒకేసారి అందరూ పట్టరు కాబట్టి అయిదుగురు చొప్పున. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వంటగట్టు ఎత్తు తన నడుముకు సరిపోయిందో లేదో వంగి చూసుకుంది. దర్జీ ఒకాయన మిషను ఎక్కడ పెట్టాలో చెప్పేదాకా కదలనని మడతబల్ల పక్కనే నిలబడ్డాడు. వెనకాల ఎక్కడికక్కడ గోడలు తట్టి చూసేవాళ్ళు, కుళాయిలు తిప్పేవాళ్ళు. డ్రైవరమ్మ ఏదీ తట్టలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి నా మంచం మీద కూర్చుంది. జానతో కొలిచింది.

"ఎంత ఇది?"

"మూడున్నర అడుగులమ్మా."

"మీ ఆవిడ ఎక్కడో సముద్రం మధ్యన వాతావరణం చూసే ఉద్యోగమన్నావు కదా. వస్తే ఎక్కడ పడుకుంటుంది?"

దీనికి నా దగ్గర తయారుగా జవాబుంది. "మంచం కింద ఇంకో పరుపుందమ్మా, చక్రాల మీద. లాగితే వస్తుంది. మేం మీ అన్ని కుటుంబాలనీ అడిగి రాసుకున్నాం. సగానికి పైగా ఇళ్ళలో ఒకరు రాత్రి డ్యూటీలు, లేదంటే దూరం పనులు. ఇద్దరూ ఇంట్లో ఉండే రాత్రులు తక్కువ. రోజూ వాడని దానికి స్థిరంగా చోటు ఇవ్వకపోతే, ఆ చోటు రోజూ వాడేవాళ్ళకు..."

"వాడనిది," అంది ఆవిడ.

నేను లాగి చూపించబోతున్న పరుపు వదిలేశాను.

"మా ఆయన లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉండేవాడు. ఆ ఇరవై రోజులూ ఆయన వైపు ఆయనదే. ఉతికిన బట్టలు కూడా పెట్టేదాన్ని కాదు అక్కడ. ఖాళీగా ఉండేదని నువ్వంటావు. ఖాళీగా ఉండేది కాదు." ఆవిడ లేచి పరుపు సర్దింది. "లాగి పరిస్తే అది చుట్టానికి పరిచినట్టుంటుంది, అబ్బాయ్. ఇంటి మనిషికి పరిచినట్టుండదు."

పక్కనే ఉన్న నర్సమ్మ తలుపు వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భర్త కూడా లారీ మీదే. ఈలోగా అటకమీంచి ఉడత తల బయటపెట్టి, "మా అమ్మ వస్తే నా దగ్గర పడుకుంటుంది. నేను ముడుచుకుంటాను," అని చెప్పింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెప్తాను. ఇంతదాకా ఇంటి కథంతా చెప్పుకుంటూ వచ్చింది దీన్ని వాయిదా వెయ్యడానికేనని నీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

ఆ సర్వే నిజమే. అందరినీ అడిగిన మాట నిజమే. కానీ ఆ మంచం సర్వే వల్ల మూడున్నర అడుగులు కాలేదు. మొదటి గీతలో అది అయిదడుగులే. కిందటేడాది నీ ఉత్తరం వచ్చింది చూడు, ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించమంటున్నారు, నువ్వేమంటావు అని. దానికి నేను 'నీ ఇష్టం' అని రాసి పంపాను. పైగా ఇక్కడ అంతా హాయిగా ఉంది, బెంగ పెట్టుకోకు అని కూడా రాశాను. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఆఫీసుకు వెళ్ళాను. బల్ల మీద ఆ ప్లాను పరిచి ఉంది. రబ్బరు తీసుకుని అయిదడుగుల మంచం చెరిపి, స్కేలు పెట్టి మూడున్నర గీశాను. చేతికి అంత తొందర ఎప్పుడూ లేదు. అప్పుడు నాకు కోపమని కూడా తెలీదు. చోటు కలిసొచ్చిందనే అనుకున్నాను. ఆ కలిసొచ్చిన అడుగున్నరలో నా గీతల బల్ల వేసుకున్నాను. కారణాలు తర్వాత వెతుక్కున్నాను, దొరికాయి. అందరి ఇళ్ళకూ అదే కొలత పెట్టేశాను. నా ఒక్కడి అలక నలభై ఎనిమిది ఇళ్ళలోకి వెళ్ళింది.

ఇంకోటి. నీ బట్టల పెట్టె ఎక్కడుందని ఏ ఉత్తరంలోనూ నువ్వడగలేదు. మాతోపాటే ఉందనుకుని ఉంటావు. ఈ ఇంటికి మారేటప్పుడు దాన్ని మా ఆఫీసులో, పాత ప్లాన్ల బీరువా పక్కన పెట్టాను. రోజూ వాడనిది కదా. అత్తయ్య సామాను లెక్క చూసుకుంటూ, "దాని పెట్టేదీ?" అన్నారు. "చోటు లేదత్తయ్యా," అన్నాను. ఆవిడ మంచం వైపు చూశారు, నా బల్ల వైపు చూశారు. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణి. ఆ తర్వాతే ఆవిడ స్నానాల గదిలో అంతంతసేపు ఉండటం మొదలైంది. ఈ రెంటికీ ముడి ఉందని నాకు డ్రైవరమ్మ లేచి వెళ్ళాకే తట్టింది.

మర్నాడే వెళ్ళి పెట్టె తెచ్చాను, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని. ఉడత అడిగింది, అమ్మ వచ్చేస్తోందా అని. లేదమ్మా, పెట్టె ముందొచ్చింది అన్నాను.

ఆ వారమంతా పని అంతా ఇంత కాదు. మంచం మళ్ళీ అయిదడుగులు చెయ్యాలి. మనిషి పక్కకు తప్పుకుని కూర్చునే మూల ఒకటి రావాలి. ఇల్లు మాత్రం ఒక్క అంగుళం పెరగకూడదు. ఇంజినీరు కుదరదన్నాడు. గోడలు జరిపితే స్తంభాలు జరపాలి, స్తంభాలు జరిపితే కింద పునాది మార్చాలి. "మూడు వందల అడుగుల్లో ఏడుపుకు కూడా గది కావాలంటే ఎలాగండీ," అన్నాడు. మంచివాడే, అలసిపోయి ఉన్నాడు. గోడలు జరపకుండానే చేద్దాం అన్నాను.

కాగితం మీద చెయ్యలేదు ఈసారి. తాపీ మేస్త్రి సిమెంటు లేకుండా వట్టి ఇటుకలు పేర్చాడు, నేను సుద్దతో నేల మీద గీశాను, అత్తయ్య దుప్పటి పట్టుకుని గోడలా నిలబడ్డారు. "ఇంకొంచెం ఇటు జరగండి అత్తయ్యా." "ఇంకా జరిగితే లాండ్రీలో ఉంటాను బాబూ." స్నానాల గది తలుపు తెరుచుకోవడానికి తినేస్తున్న చోటు చూసి, దాన్ని పక్కకు జరిగే తలుపు చేశాం. రెండడుగుల లోతున్న బట్టల అలమర పదిహేను అంగుళాలకు తగ్గించాం, బట్టలు వేలాడదియ్యకుండా మడిచి పెట్టుకునేలా. నా బల్ల తీసేశాను. మడతబల్ల మీదే గీసుకుంటున్నాను, ఏమీ నష్టం రాలేదు. అలా జమైన చోటులో వెనక కిటికీ పక్కన రెండున్నర అడుగుల అరుగు వచ్చింది. పాత ఇళ్ళలోని ఒక తలుపురెక్కను సగానికి కోసి వడ్రంగి దానికి అడ్డంగా బిగించాడు. అది దగ్గరికి వేసుకుంటే కూర్చున్న మనిషి కనపడదు, వాకిలి మాత్రం ఆ మనిషికి కనిపిస్తుంది. గడియ లేదు. రెక్క వేసి ఉంటే లోపల ఎవరో ఉన్నారని అర్థం, పలకరించకూడదు. అది ఉడత పెట్టిన చట్టం. అందరికంటే ముందు దాన్ని అదే వాడుకుంది, పన్ను ఊడిన రోజున.

మొన్న శుక్రవారం సమావేశం. పాత ప్లాను ఎందుకలా గీశానో దాచకుండా చెప్పాను. సర్వే మాట ఎత్తలేదు. నా ఇంట్లో ఒకరు లేరని, లేనివాళ్ళ మీద కోపంతో గీశానని చెప్పాను. అంతమంది ముందు ఆ మాట వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డ్రైవరమ్మ, "సరేలే, ఇప్పుడు బ్రేకు పడుతోందిగా," అని చెయ్యెత్తింది. నలభై నాలుగు చేతులు లేచాయి. దర్జీ ఎత్తలేదు. మిషను కిటికీ దగ్గరే ఉండాలట, ఆయనతో ఇంకా తేలలేదు. పునాది పని వచ్చే నెల మొదలు. భవనం పూర్తయ్యేదాకా మమ్మల్ని ఈ నమూనా ఇంట్లోనే ఉండమన్నారు. ఇంకో ఏడాదిన్నర పైనే.

నర్సమ్మ వెళ్ళబోతూ నా దగ్గరికొచ్చింది. "ఆయనకు ఫోన్లో చెప్పానండీ, ఇంట్లో నీ వైపు అంటూ ఒకటుందని," అంది. నేను ఇంటికొచ్చి అయిదడుగుల మంచం మీద గోడవైపుగా పడుకున్నాను. నువ్వు ఎప్పుడూ కిటికీవైపు కదా పడుకునేది.

ఇక నీ ఉత్తరంలో చివరి ప్రశ్న. మళ్ళీ అడిగారని రాశావు, ఈసారి రెండేళ్ళకు. సంతకం ఈ ఓడ అక్కణ్ణుంచి తిరిగి బయలుదేరేలోపు పెట్టాలన్నారని, 'నువ్వేమంటావు' అని. అంతకింద ఏదో రాసి కొట్టేశావు. దీపం దగ్గర పెట్టి చూశాను, చదవలేకపోయాను.

నీకా పనంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. బెలూను ఎగరేసిన పొద్దుటి గురించి నువ్వు రాసిన పేజీ చదివితే ఎవరికైనా తెలుస్తుంది. నువ్వు చెప్పిన గాలిని నమ్ముకుని ఎన్ని పడవలు ఒడ్డుకు చేరుతున్నాయో కూడా తెలుసు. అందుకే 'నీ ఇష్టం' అనడం పెద్దమనసు అనుకున్నాను. పెద్దమనసు కాదది. ఆ మాట అంటే ఇక నేను ఏమీ అడగక్కర్లేదు, నువ్వు కాదంటే పడాల్సిన బాధ పడక్కర్లేదు. నిన్ను అక్కడ ఒంటరిగా తేల్చుకోమని వదిలేశాను. ఇక్కడ కూర్చుని నీ మంచం కోసేశాను.

కాబట్టి ఈసారి నా మాట చెప్తాను, తర్వాత నువ్వు తేల్చుకో. మీ అమ్మ కోసమని గాని, పాప కోసమని గాని అనను, వాళ్ళ మాట వాళ్ళు రాసుకుంటారు. నాకు నువ్వు కావాలి. పక్క గదిలో నువ్వు ఏదో సణుక్కుంటూ తిరుగుతుంటే పని చేసుకోవడం నాకు కావాలి. ఈ ఇంట్లో పక్క గది లేదనుకో, అయినా సరే. నేను గీసిందాన్ని చూసి ఇది మనుషులు ఉండటానికేనా అని నువ్వు దెప్పితే వినాలనుంది. మూడేళ్ళయింది నీతో పోట్లాడి. ఉత్తరాల్లో పోట్లాట కుదరట్లేదు, జవాబు వచ్చేలోగా కోపం పోతోంది. నువ్వు సంతకం పెట్టకు. ఇంటికి రా.

రాలేనంటే, అదీ రాయి. కానీ మంచిమాటలతో కప్పి రాయకు, కొట్టేసిన వాక్యం కూడా రాయి. నాకు కోపం వస్తుంది, ఏడుస్తాను, ఆ సంగతీ నీకు రాస్తాను. ఏ గీతలోనూ చూపించను.

వీధిమొగలో ఉడత ఈల వినిపిస్తోంది, 'స' ఉన్న పాట ఏదో ఎత్తుకుంది. వాళ్ళు వచ్చేలోపు కవరు అంటించేయాలి. ఇంకోసారి చదివితే, 'రా' అన్నచోట కొట్టేసి 'నీ ఇష్టం' అని రాస్తానేమోనని భయం. అందుకే చదవకుండానే అంటించేస్తున్నాను.

ఇట్లు,
నీవాడు,
ఉడత నాన్న